జెన్నీ కాపలా

మిల్లు కుంటకి కంచె ఎప్పుడు కడతారని డోర్కస్ హాస్లమ్ అడగడం అది మూడోసారి. మొదటిసారి ఈస్టర్ ముందు అడిగింది. రెండోసారి మే నెలలో, వానలో నిలబడి అడిగింది. ఇప్పుడు జూన్ వచ్చింది. సోమవారం పొద్దున్నే మిల్లు గేటు దగ్గర మేనేజరు ఓపెన్‌షా గారు గుర్రబ్బండి దిగుతుంటే ఎదురెళ్ళి నిలబడింది.

"అయ్యా, గొట్టాలు వెయ్యడానికని కంచె పీకారు. గొట్టాలు వేసి ఆర్నెల్లయింది. గుంజలు అక్కడే గోడవార పడున్నాయి, మళ్ళీ పాతితే చాలు. మా వీధి పిల్లలకి ఆ కుంట వాకిట్లో ఉన్నట్టే కదా."

ఓపెన్‌షా చేతి తొడుగులు విప్పుకుంటూ ఆమె వైపు తిరిగి, నోరు బాగా తెరిచి నెమ్మదిగా మాట్లాడాడు. ముప్ఫై నాలుగేళ్ళు మగ్గాల మోతలో నిలబడ్డ చెవులు ఆమెవి. ఆ మోత తప్ప వాటిలో ఇంకేమీ మిగల్లేదు. మిల్లు ఆడవాళ్ళందరిలాగే పెదాలు చూసి మాట తెలుసుకుంటుంది.

"కంచె దేనికమ్మా డోర్కస్? నీ దగ్గర పచ్చపళ్ళ జెన్నీ ఉందిగా, ఆ నీళ్ళ దెయ్యం! చిన్నప్పుడు మా దాది దాని పేరు చెప్పే నన్ను నీళ్ళ దగ్గరికి పోనిచ్చేది కాదు. జెన్నీ కన్నా గట్టి కంచె ఏ వడ్రంగి కడతాడు చెప్పు? పైగా జీతం అడగదు, సెలవూ అడగదు."

గేటు దగ్గరున్న వాళ్ళంతా నవ్వారు. డోర్కస్ కూడా నవ్వింది. పెద్దమనిషి హాస్యమాడితే నవ్వకపోతే బాగుండదని నవ్వింది. తర్వాత ఎప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చినా ఆమెకి నోరు చేదెక్కేది.

ఇంటికొచ్చేసరికి పిల్లలు గుమ్మంలో కూర్చునున్నారు. మొత్తం ఐదుగురు. పిల్లలు బడికి పోయి తీరాలన్న చట్టం ఇంకా రాని రోజులు. లాంకషైర్‌లో తల్లులు పొద్దున ఆరింటికి మగ్గాల దగ్గరికి పోతే, పిల్లల్ని ఇలాంటి ముసలమ్మలే చూసుకునేవాళ్ళు. ఐదుగురిలో పెద్దది రోడా, దానికి ఏడేళ్ళు. దాని చెల్లెలు ఎల్సీకి నాలుగు. ఇద్దరూ సెలీనా కెర్షా పిల్లలు. ఎల్సీ కడుపులో ఉండగానే సెలీనా మొగుడు పోయాడు.

డోర్కస్ అందరికీ ఓట్స్ గంజి పోసి, బంగాళాదుంపల గంప ముందేసుకుంది. కిటికీలోంచి చూస్తే వీధి చివర కుంట కనిపిస్తోంది. మిల్లు ఆవిరి యంత్రం వాడిన వేడినీళ్ళు అందులోకే వస్తాయి. అందుకని ఏడాది పొడుగునా నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, ఎండలు రాగానే నాచు పుడుతుంది. కందిబద్దంతేసి ఆకులు ఒకదాన్నొకటి ఒరుసుకుని, ఎక్కడా సందు లేకుండా, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పరుచుకుంటాయి. తెలియనివాళ్ళు చూస్తే గడ్డిమైదానం అనుకుంటారు. కంచె ఉన్నప్పుడు ఎక్కడ గడ్డి అయిపోయి ఎక్కడ నీళ్ళు మొదలవుతాయో తెలిసేది.

దుంప చెక్కు తీస్తూ డోర్కస్ ఆలోచించింది. కంచె రాదు. ఉన్నది జెన్నీయే. అయితే జెన్నీకే ఇంకాస్త పదును పెట్టాలి.

"ఒరే, ఇలా రండి. కుంటలో ఎవరుంటారో చెప్పండి?"

"పచ్చపళ్ళ జెన్నీ!"

"ఎలా ఉంటుంది?"

పొడుగు చేతులని ఒకడు, జుట్టంతా నాచని ఇంకొకడు చెప్పారు. పళ్ళు ఇంతింత అని ఎల్సీ వేళ్ళు చాచి చూపించింది. నాచు కింద పడుకుని ఎదురుచూస్తుందని, గట్టు మీద పిల్లల అడుగులు వినపడగానే చెయ్యి చాపుతుందని డోర్కస్ చెప్పింది. వాళ్ళమ్మ తనకి చెప్పిందీ అదే.

"అవ్వా, మరి ఎవర్నైనా పట్టేసుకుంటే?" అంది రోడా.

ఈ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు. డోర్కస్ చేతిలో కత్తి ఆగలేదు.

"పట్టుకుంటే ఇంక అంతే. మనం దగ్గరికి పోకూడదు. చెయ్యి ఇవ్వకూడదు. కేక కూడా వెయ్యకూడదు. ఎవరి గొంతు వినపడితే వాళ్ళని రెండో చేత్తో లాగేసుకుంటుంది."

అప్పటికప్పుడు నోటికొచ్చిన మాట అది. వాళ్ళమ్మ చెప్పినదాంట్లో లేదు. బల్ల మీద కూర్చున్న పిల్లలు గబుక్కున కాళ్ళు పైకి లాక్కున్నారు. డోర్కస్‌కి తృప్తిగా అనిపించింది. ఈ వేసవికి ఇది చాలు అనుకుంది.

*

బుధవారం ఎండ బాగా కాసింది. డోర్కస్ పెరట్లో దుప్పట్లు ఉతికి, రెండు రోలర్ల మధ్య పెట్టి నీళ్ళు పిండే మర తిప్పుతోంది. ఒక చేత్తో పిడి తిప్పాలి, రెండో చేత్తో దుప్పటి మడత పడకుండా పట్టుకోవాలి. తల తిప్పడానికి వీలుండదు. రెండో దుప్పటి సగంలో ఉండగా పక్కన ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. చూస్తే రోడా.

రోడా ఎంతసేపటి నుంచి అక్కడుందో తెలియదు. చేతులు రెండూ గౌనుకి ఆనించుకుని, చర్చిలో నిలబడ్డట్టు నిలబడింది. బూట్లకి మట్టి లేదు. గౌను తడవలేదు.

"చెల్లేదే?"

రోడా పెదాలు కదిలాయి. మగ్గాల దగ్గర ఆడవాళ్ళు మాట్లాడుకున్నట్టు, ఒక్కో మాటా పెదాల మీద సాగదీసి చెప్పింది. తల్లి దగ్గర నేర్చుకున్న విద్య అది. గొంతు లోపలే దాచుకుని మాట్లాడుతోందని డోర్కస్‌కి ఆ క్షణంలో తట్టలేదు. ఆమెకి ఏ గొంతూ వినపడదు కదా.

*జెన్నీ తీసుకెళ్ళింది.*

దుప్పటి రోలర్లలోనే వదిలేసి డోర్కస్ పరిగెత్తింది. అరవై రెండేళ్ళ మోకాళ్ళు. వీధిలో మనిషన్నవాడు లేడు, అందరూ మిల్లులోనే. కుంట అంతా పచ్చగా, చదునుగా ఉంది. ఒక్కచోట మాత్రం, గట్టుకి మూరెడు దూరంలో, పళ్ళెమంత నల్లటి నీళ్ళు కనిపిస్తున్నాయి. ఆమె చూస్తుండగానే నాచు నాలుగు వైపుల నుంచీ మెల్లగా జరిగి ఆ నలుపుని మూసేస్తోంది.

డోర్కస్ చేతులు పెట్టి వెతికింది. నడుము దాకా దిగింది. కాళ్ళ కింద బురద జారిపోయింది. తను అరిచిందో లేదో ఆమెకి తెలియదు కానీ, ఇంజన్ గదిలోంచి సేత్ క్రాంప్టన్ బొగ్గు మసి చేతులతో బయటికొచ్చాడు. గది గోడకి వేలాడే పొడుగు కొక్కెం కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మూడోసారి కర్ర తిప్పినప్పుడు ఎల్సీ గౌను తగిలింది.

పాపని గట్టు మీద పడుకోబెట్టి, మొహం మీద అతుక్కున్న ఆకుల్ని సేత్ ఒక్కొక్కటీ తీశాడు. అవి అతని వేళ్ళకి అంటుకుంటున్నాయి. పంట్లాముకి తుడుచుకుని మళ్ళీ తీశాడు. ఊపిరి ఉందా అని డోర్కస్ అడగలేదు. సేత్ టోపీ తీసి గడ్డి మీద పెట్టాడు.

*

గురువారం సెలీనా ఇంట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఎల్సీని ముందు గదిలో బల్ల మీద పడుకోబెట్టారు. డోర్కస్ తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు.

వాళ్ళు గుసగుసలు పోతున్నారు, తలుపు దాకా తెలియదనుకున్నారు కాబోలు. కానీ పెదాలన్నీ కనిపిస్తూనే ఉన్నాయి.

"గట్టు మీదే ఉందట పెద్దది. చూస్తూ నిలబడిందట."

"గౌను అంచు కూడా తడవలేదు. నేను చూశాగా."

"ఒక్క కేకేస్తే సేత్ వచ్చేవాడు కదమ్మా. అదేం పిల్లో!"

రోడా పొయ్యి పక్కన పీట మీద కూర్చుంది. నిన్నటి నుంచి దాని గొంతు ఎవరూ వినలేదు. సెలీనా ఒక్కసారి దాని ముందు వంగి, భుజాలు పట్టుకుని ఊపింది. "ఎందుకరవలేదే? నోరు లేదా నీకు? ఎందుకరవలేదు?" రోడా తల్లి మొహంలోకి చూసి కళ్ళు దించుకుంది. సెలీనా చేతులు తీసేసింది. ఆ తర్వాత మళ్ళీ దాని వైపు చూడలేదు. రొట్టె కోసి పెట్టినప్పుడు కూడా పళ్ళెం దాని ముందు పెట్టి, మొహం పక్కకి తిప్పుకుంది.

సాయంత్రం డ్యూటీ దిగి సేత్ డోర్కస్ ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చోకుండా, ఆమెకి మొహం బాగా కనపడేలా కిటికీ వెలుతురులో నిలబడ్డాడు.

"అక్కా, రేపు పాప చావు మీద విచారణ. బీరు సత్రం మేడ మీద. కంచె సంగతి నువ్వు చెప్పాలి. మూడుసార్లు అడిగావు, ఆయన ఏమన్నాడో గేటు దగ్గర పదిమంది విన్నారు. కానీ వాళ్ళు నోరు విప్పరు. వాళ్ళ ఇళ్ళు మిల్లువి."

"నా ఇల్లు మాత్రం ఎవరిది?"

"అందుకే అడుగుతున్నా. చెప్తావా?"

"చెప్తా."

సేత్ తలూపాడు. వేలెత్తి మరీ చెప్పాడు. "కంచె సంగతొక్కటే చెప్పు. ఆ జెన్నీ కథ మాత్రం తేకు. పిల్లకి నువ్వేం చెప్పావో నన్ను అడగొద్దు, నాకు తెలియనక్కర్లేదు. జెన్నీ పేరు వినపడిందా, ఇక కంచె మాట ఎవరికీ గుర్తుండదు. తప్పంతా దాని నెత్తిన రుద్ది ఇంటికిపోతారు. అర్థమైందా?"

"అర్థమైంది," అంది డోర్కస్. నిజంగానే అర్థమైంది.

*

సత్రం మేడ మీద గదిలో కిటికీలు తెరిచినా బీరు వాసన పోలేదు. విచారణాధికారి పక్క ఊరి నుంచి వచ్చాడు. మీసమూ గడ్డమూ కలిసిపోయి నోరు కనపడని మనిషి. ఆయన ప్రశ్నలు డోర్కస్‌కి తెలిసేలా సేత్‌ని ఎదురుగా నిలబెట్టారు. అతను పెదాలతో తిప్పి చెప్పాలి. జ్యూరీలో పన్నెండు మంది ఊరివాళ్ళే. కసాయి, చెప్పులవాడు, కొట్టువాళ్ళు. రెండో వరసలో సెలీనా నల్ల శాలువా కప్పుకుని కూర్చుంది. రోడా ఆమె పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి కూర్చుంది.

ముందు ఓపెన్‌షా లేచాడు. చాలా విచారకరమైన సంగతి అన్నాడు. కంచె పాడైపోతే తీయించామనీ, మళ్ళీ కావాలని ఎవరూ తనని అడిగిన గుర్తు లేదనీ అన్నాడు.

తర్వాత డోర్కస్‌ని పిలిచారు. బైబిల్ మీద చెయ్యి పెట్టించి ప్రమాణం చేయించారు. ఆమె కంచె గురించి చెప్పింది. ఈస్టర్ ముందు ఏ రోజు అడిగిందో, మే నెలలో ఎక్కడ నిలబడి అడిగిందో, సోమవారం గేటు దగ్గర ఆయన ఏ మాట అన్నాడో, ఒక్కటీ వదలకుండా చెప్పింది. తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో ఆమెకి తెలియదు. కానీ జ్యూరీలో కసాయి చెయ్యి గడ్డం మీద నుంచి కిందికి దిగడం చూసింది. ఓపెన్‌షా మెడ ఎర్రబడడం చూసింది. విచారణాధికారి కలం పక్కన పెట్టి ఓపెన్‌షా వైపు తిరిగాడు. సేత్ మొహంలో వెలుగొచ్చింది.

అప్పుడు చెప్పులవాడు చెయ్యెత్తాడు.

"కంచె సంగతి సరే. పెద్దపిల్ల అక్కడే ఉందంటున్నారు. ఇంజన్ గది పది బారల దూరం కూడా లేదు. ఒక్క కేక వేసుంటే చిన్నది బతికేది కదా. ఈ పిల్ల మతిలేనిదా? లేకపోతే చెల్లెలంటే పడదా? ఊళ్ళో అందరూ అనుకుంటున్నదే నేనూ అడుగుతున్నా."

గదిలో తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. సెలీనా తల వంచుకుంది. రోడా మాత్రం తల ఎత్తుకునే ఉంది. అన్ని కళ్ళూ తన మీదే ఉన్నాయని తెలిసి, ఏం చెయ్యాలో తెలియక, చేతులు రెండూ గౌనుకి ఆనించుకుని లేచి నిలబడింది.

సేత్ ఆ ప్రశ్నని డోర్కస్‌కి తిప్పి చెప్పలేదు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. చెప్పులవాడి పెదాల మీద ఆమె అంతా చూసేసిందని అతనికి తెలుసు.

"నేను చెప్పా దానికి," అంది డోర్కస్.

విచారణాధికారి ఆమె వైపు తిరిగాడు.

"అరవొద్దని నేనే చెప్పా. చెయ్యి ఇవ్వొద్దని కూడా. అరిస్తే పచ్చపళ్ళ జెన్నీ దాన్ని కూడా లాక్కుంటుందని సోమవారం చెప్పా. చెప్పిన మాట విన్న పిల్లండీ అది. దాన్ని ఎవరూ ఏమీ అనకండి."

సేత్ కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచి, విచారణాధికారి అడిగింది తిప్పి చెప్పాడు. *ఆ జెన్నీ అనేది ఉందని నువ్వు నమ్ముతావా?*

"లేదండి. జెన్నీ లేదు. అది ఉత్త నాచు. దాని కింద నీళ్ళు."

ఆ తర్వాత ఎవరూ ఓపెన్‌షాని ఏమీ అడగలేదు. జ్యూరీ పక్క గదిలోకి పోయి, పైపు ఒకసారి కాల్చుకునేంత సేపట్లో తిరిగొచ్చింది. విచారణాధికారి గడ్డం వెనకాల ఏం చదివాడో డోర్కస్‌కి తెలియలేదు. సేత్ గోడకి ఆనుకుని ఒక్కో మాటా చెప్పాడు. *ప్రమాదవశాత్తూ చావు. మిల్లువాళ్ళ తప్పు లేదు. తెలివితక్కువ కథలు చెప్పి పసిపిల్లల్ని బెదరగొట్టడం మానాలని జ్యూరీవారి హితవు.*

మెట్లు దిగేటప్పుడు సేత్ ఆమె చెయ్యి పట్టుకుని దింపాడు కానీ మొహం చూపించలేదు. అంటే మాట్లాడడం ఇష్టం లేదన్నమాట.

*

శనివారం మధ్యాహ్నం మిల్లు వదిలాక ఎల్సీని పూడ్చారు. డోర్కస్ దూరంగా, గోడ దగ్గర నిలబడి చూసి ఇంటికొచ్చింది. శాలువా తీయకుండానే పొయ్యి ముందు కూర్చుంది. కాసేపటికి తలుపు కదిలింది. రోడా ఒక్కతే వచ్చింది.

ఎదురుగా బల్ల మీద కూర్చుంది. డోర్కస్ వంగి దాని మెడ కింద, గొంతు మీద రెండు వేళ్ళు ఆనించింది. ఇప్పుడైనా గొంతు విప్పుతుందేమోనని.

"జెన్నీ లేదన్నావు అవ్వా," అంది రోడా. వేళ్ళ కింద సన్నగా అదిరింది.

"లేదు తల్లీ."

"మరి ఎల్సీని ఎవరు పట్టుకున్నారు?"

"ఎవరూ పట్టుకోలేదమ్మా. బురద. కాలు జారింది."

రోడా ఆలోచించింది. దాని నుదురు ముడిపడింది.

"జెన్నీకి ఆకలేస్తుందేమో, అందుకే పిల్లల్ని తింటుందేమో అంది ఎల్సీ. తన రొట్టెముక్క దానికిస్తానంది. వద్దన్నాను. గట్టు అంచు దాకా పోయి విసిరింది. గడ్డి మీద కాలేసింది. అది గడ్డి కాదు." రోడా చెయ్యి చాపింది. "ఇట్లా చెయ్యి పెట్టింది నా వైపు. ఇంతే దూరం అవ్వా. నీకూ నాకూ ఉన్నంత."

 రొట్టె సంగతి డోర్కస్‌కి అప్పటిదాకా తెలియదు.

"కింద ఎవరో పట్టుకుని లాగుతున్నారనుకున్నా," అంది రోడా. "ఎవరూ పట్టుకోకపోతే నేను లాగితే వచ్చేసేదిగా. ఎల్సీ బరువుండదు. రోజూ నేనే ఎత్తుకుంటా."

"నువ్వు చిన్నదానివి. నువ్వు కూడా పడిపోయేదానివి."

"ఇంతే దూరం అవ్వా."

"నువ్వు అరిచినా నాకు వినపడేది కాదు. చెవిటి ముండని."

"సేత్ మామకి వినపడేది. ఆ చెప్పులాయన చెప్పాడుగా."

రోడా ఏడవడం లేదు. లెక్క కుదరని దాన్ని కుదుర్చుకోవాలని చూస్తున్నట్టు డోర్కస్ మొహంలోకే చూస్తోంది. నిన్న అంతమంది ముందు ఆ పిల్లని కాపాడాననే అనుకుంది డోర్కస్. వాళ్ళందరి నుంచీ కాపాడింది. జెన్నీ లేదని చెప్పి, ఇక ఈ ప్రశ్న నుంచి కాపాడేవాళ్ళు ఎవరూ లేకుండా చేసింది. ఈ పిల్ల ఏడేళ్ళది. డెబ్భై ఏళ్ళు బతికితే, చాచిన ఆ చెయ్యి డెబ్భై ఏళ్ళూ దాని ముందే ఉంటుంది.

డోర్కస్ శాలువా సర్దుకుని ముందుకి జరిగింది.

"రోడా, ఇలా చూడు. నిన్న నేను అబద్ధం చెప్పా."

"బైబిల్ మీద చెయ్యి పెట్టావుగా?"

"పెట్టా. పెట్టి అబద్ధం చెప్పా. పెద్దవాళ్ళ ముందు జెన్నీ ఉందంటే నన్ను పిచ్చిదాన్నంటారని భయపడ్డా. అది ఉంది. నీ వయసప్పుడు నేను చూశా. దాని పట్టు ఎలాంటిదనుకున్నావు? సేత్ మామ అంత మనిషి, ఇనప కొక్కెం వేసి లాగితే మూడోసారికి గానీ వదల్లేదు. నువ్వు లాగినా రాదు. నీలాంటివాళ్ళు పదిమంది లాగినా రాదు. నువ్వు చెయ్యగలిగింది ఏమీ లేదు తల్లీ. ఏమీ లేదు."

"ఒట్టు?"

"ఒట్టు."

దేవుడికి భయపడి బతికిన మనిషి. ఆ ఒట్టు వేసేటప్పుడు ఆమె గొంతు వణికిందో లేదో ఆమెకి తెలియదు. రోడా మొహంలో బిగువు మెల్లగా సడలింది. పెదాలు వంకర తిరిగాయి. నోరు పెద్దగా తెరుచుకుంది. నాలుగు రోజులుగా లోపలే ఉన్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. డోర్కస్ దాన్ని ఒళ్ళోకి లాక్కుంది.

తల ఎత్తేసరికి గుమ్మంలో సెలీనా నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో! నల్ల శాలువా జారి మోచేతి మీద పడింది. ఆమె మొహం చూస్తే చాలాసేపటి నుంచే అక్కడున్నట్టు తెలిసింది.

 సెలీనా లోపలికొచ్చి, నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, రోడా మొహం తన వైపు తిప్పుకుంది. గురువారం తర్వాత మొదటిసారి దాని కళ్ళలోకి చూసింది.

"అవ్వ చెప్పింది నిజమే," అంది. "నేను కూడా చూశా దాన్ని, చిన్నప్పుడు. నువ్వు లాగినా వచ్చేది కాదు. నా తల్లివి కదూ. పద, ఇంటికి పోదాం."

రోడా తల్లి మెడ చుట్టూ చేతులేసింది. సెలీనా దాన్ని ఎత్తుకుని లేచింది. ఏడేళ్ళ పిల్ల, కాళ్ళు తల్లి మోకాళ్ళ కిందికి వేలాడుతున్నాయి. గుమ్మం దాకా వెళ్ళి, పిల్ల మొహం భుజం అవతలికి ఉండేలా సర్దుకుని, సెలీనా వెనక్కి తిరిగింది. గొంతు లేకుండా, పెదాలతో మాత్రమే, మగ్గాల మీదుగా చెప్పుకున్నట్టు చెప్పింది.

*నేను నిన్ను క్షమించలేను అత్తా. ఎప్పటికీ.*

"తెలుసమ్మా," అంది డోర్కస్, పైకే.

రోడా తల ఎత్తి చూసింది. "ఏం తెలుసు అవ్వా?"

"ఏం లేదు తల్లీ. వానొచ్చేట్టుంది, తొందరగా పోండి."

సెలీనా శాలువా లాగి పిల్ల తల మీద కప్పి వీధిలోకి దిగింది.